టైల్ కోస్టర్లు – రంగు, ధూళి, వేడి చాయ్

ఈ వేసవిలో శాలిబండలోని మా ఇంట్లో మనవరాలికి కొత్త ముచ్చట పట్టుకుంది. నాలుగంగుళాల తెల్లని సిరామిక్ టైళ్ళపై బొమ్మలు వేసి, అడుగున ఫెల్ట్ గుడ్డ అంటించి, చాయ్ కప్పుల కింద పెట్టుకునే కోస్టర్లు తయారుచేస్తున్నది. నమూనాలకు పత్తర్‌గట్టి దగ్గరి బాద్షాహీ అషూర్‌ఖానా గోడలు చాలునన్నాను. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలపు కట్టడమది. 1908 నాటి మూసీ వరద కొంత పాడుచేసినా, పసుపు, నీలం పలకలు నేటికీ మెరుస్తూనే ఉన్నాయి. ఆ రంగు కొలిమిలో కాలి గాజైనది. మనం ఇంట్లో వేసేది పైపైన ఆరేది మాత్రమే. అందుకే టైల్‌ను సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచిన తరువాతే అక్రిలిక్ రంగు వేయాలి.

టైళ్ళను తానే కోసుకుంటానని గ్రైండర్ అడిగింది. నేను ససేమిరా అన్నాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో ముప్పయి నిండని టైల్స్ పనివాడొకడు ఆయాసంతో వచ్చాడు. అప్పటికే రెండుసార్లు క్షయ మందులు వాడాడు. కఫంలో క్రిములు ఏనాడూ కనబడలేదు. "రోజంతా ఏం పని చేస్తావు నాయనా?" అని అడిగితే, మూసిన గదుల్లో పొడిగా టైళ్ళు కోస్తానన్నాడు. ముక్కుకు కట్టుకున్నది చేతిరుమాలు. అతనిది సిలికోసిస్. టైల్ మట్టిలోని స్ఫటిక సిలికా కంటికి కనిపించనంత సన్నని ధూళిగా ఊపిరితిత్తుల లోతుకు చేరి మచ్చలు కట్టిస్తుంది. దానిని వెనక్కు తిప్పే మందు లేదు. పైగా అది క్షయ రావడానికి కూడా దారితీస్తుంది. ఇద్దరు పసిపిల్లల తండ్రి ఆ పని మానుకుని ఏం చేయాలో నా మందుల చీటీలో రాయలేకపోయాను.

ఒక్క పూట కోతతో ఈ జబ్బు వస్తుందని మిమ్మల్ని భయపెట్టను. కానీ ఆ ధూళి ఇంట్లో ఆస్తమా ఉన్నవారికి మంచిది కాదు. కోసి సిద్ధంగా ఉన్న టైళ్ళే కొనండి. మేస్త్రీ చేత కోయిస్తే నీళ్ళు పోస్తూ కోయమని అడగండి, ఎన్95 మాస్కు మీరే ఇవ్వండి. అది అతని కోసం. వాడి అంచులను ఎమరీ కాగితంతో, తడిపి రుద్దితే చాలు.

అద్దంలా మెరవాలని కొందరు ఎపాక్సీ రెసిన్ పోస్తారు. నాకది నచ్చదు. గట్టిపడని రెసిన్, దానిలో కలిపే హార్డెనర్ చర్మానికి తగిలితే కొందరికి ఎలర్జీ పుడుతుంది. ఒకసారి పుట్టిందా, ఆ తరువాత కొద్దిగా తగిలినా దద్దుర్లే. పోయక తప్పదంటే నైట్రైల్ గ్లవ్స్, తెరిచిన కిటికీలు ఉండాలి, పిల్లలు దూరంగా ఉండాలి. ఇంతా చేసి, సాధారణ రెసిన్ వేడి కప్పుకు మెత్తబడి అంటుకుంటుంది కూడా.

అటక మీది పాత పెయింట్ డబ్బాలు వాడవద్దు. గృహోపయోగ పెయింట్లలో సీసం 90 పీపీఎం మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది.

ఇక కోస్టర్ మీది చాయ్ సంగతి. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన పానీయాలు తాగడం అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో తేల్చింది. దోషం చాయ్‌ది కాదు, వేడిది. మన పాతబస్తీలో సాసర్‌లో పోసుకుని తాగేవారిని చూసి నవ్వేవారున్నారు గాని, వెడల్పు పాత్రలో చాయ్ త్వరగా చల్లారుతుందన్నది నిజమే.