మన దేవుడి చోటు కూడా కాగితం మీద ఎక్కాలి

మన మన్యంలో ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల మాటే వినిపిస్తోంది. కొండ మీద ఒక రిజర్వాయరు, కింద ఒకటి కడతారు. పగలు సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందకి వదిలి కరెంటు తీస్తారు. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు. పెద్ద పరిశ్రమలు బొగ్గుతో కాని కరెంటు ఇంత వాడాలని చెప్పే అధికారం కేంద్రానికి వచ్చింది. 2030కి 500 గిగావాట్ల లక్ష్యం కూడా ఉంది. అందుకే ఈ తొందర.

బొగ్గు తగ్గాలి, కాదనం. వానలు గతి తప్పితే ముందు ఎండేది మన పోడే. కానీ వాళ్ల లెక్కలో మెగావాట్లు, ఎకరాలు ఉంటాయి. ఇటుకల పండక్కి మనం మొక్కే శంకుదేవుడి చోటు ఉండదు. దానికి పట్టా లేదు. ఇంకో కొండ మీద కట్టివ్వడానికి అదేమన్నా కాలనీ ఇల్లా?

మన చేతిలోనూ చట్టాలున్నాయి. 1996 పెసా ప్రకారం మన ఆచారాలు, సంస్కృతి కాపాడుకునే అధికారం గ్రామసభది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 కూడా అదే చెప్తుంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, ఆ గని ఆగింది.

ఈ సెలవుల్లో ఊరెళ్లి దిసారిని, పెద్దవాళ్లని అడిగి మన దేవుళ్ల చోట్లు, గెడ్డలు, శ్మశానాలు ఒక్కొక్కటీ రాద్దాం. గ్రామసభ తీర్మానంలో ఎక్కిద్దాం. సర్వే వాళ్లు దిగాక రాస్తే, ప్రాజెక్టు ఆపడానికి పుట్టించిన దేవుడంటారు.