పైపు నిండుగానే ఉంది, పొడి కదలట్లేదు

భిలాయి ఉక్కు కర్మాగారం అనగానే రైలు పట్టాలో, 1959లో రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసో గుర్తొస్తుంది. అక్కడ నా కొలతలన్నీ మాత్రం ఫర్నేసుల్లోకి ఊదే బొగ్గుపొడివి. విశాఖ రేవులో దిగి వచ్చే విదేశీ కోకింగ్ బొగ్గు ఖరీదెక్కువ. దాంతో చేసే కోక్ వాడకం తగ్గించడానికి చవక బొగ్గును మిల్లులో ఆరబెట్టి, మెత్తగా పొడిచేసి, ట్యాంకులో నింపి, నైట్రోజన్‌తో తోసి ట్యూయర్ల దగ్గర, అంటే ఫర్నేసులోకి వేడిగాలి ఊదే గొట్టాల దగ్గర, లోపలికి పంపుతారు. ట్యాంకులో గాలి ఉంటే ఆ పొడి పేలే ప్రమాదం ఉంది, అందుకే నైట్రోజన్.

మొత్తం ఎంత పోతోందో చెప్పడం తేలిక. ట్యాంకు లోడ్‌సెల్స్ మీద కూర్చుని ఉంటుంది, తగ్గిన బరువే లెక్క. అయితే ఒత్తిడి ఎక్కించగానే దానికి తగిలించిన పైపుల బెల్లోస్ ట్యాంకును నెడతాయి. రవ్వంత పొడి కదలకపోయినా అంకె మారుతుంది. ఆ దిద్దుబాటు చేయని అంకెను నేను పట్టించుకోను.

అసలు తలనొప్పి ఏ ట్యూయర్‌కి ఎంత పోతోందన్నది. ఒకవైపు ఎక్కువ పడితే ఫర్నేసు చుట్టూ వేడి సమంగా ఉండదు. పైపు లోపల ఏది పెట్టినా పొడి ఒరుసుకుని అరిగిపోతుంది. అందుకని గోడలోనే ఎలక్ట్రోడ్లు అమర్చి కెపాసిటెన్స్ చూస్తాం. పొడి దట్టమైతే అది పెరుగుతుంది. వేగం తెలియాలంటే కాస్త దూరంలో ఇంకో జత ఉండాలి. భిలాయి పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌లో చూసిన గూడ్సు వ్యాగన్ల వరసే దుర్గ్‌లో మళ్లీ కనిపిస్తే, పట్టిన టైమును బట్టి బండి వేగం చెప్పేయొచ్చు కదా, అదే లెక్క. మొదటి జత పట్టుకున్న ఒడిదుడుకులు 20 సెంటీమీటర్ల అవతల 40 మిల్లీసెకన్లకు కనిపిస్తే, సెకనుకు 5 మీటర్లు.

సాంద్రత ఒక్కటే చూసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. గ్యాసు వేగం తగ్గితే పొడి అడుగున పేరుకుని పైపు పూడిపోతుంది. సాంద్రత మాత్రం నిండుగా కనిపిస్తుంది! శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మా ఫిట్టరు స్పానరుతో పైపు మీద కొట్టి, మొద్దు చప్పుడు వినగానే, "బాబూ, జామ్ అయిపోనాది" అంటాడు. కంప్యూటర్ కన్నా ముందే.

వానాకాలంలో ఇంకో గొడవ. కెపాసిటెన్స్‌ను నిర్ణయించే డైఎలక్ట్రిక్ స్థిరాంకం నీటికి 80 దాకా ఉంటుంది, ఆరిన బొగ్గుకు అందులో చాలా చిన్న వంతు. కాస్త తేమ మిగిలినా మీటరుకు అది బొగ్గులాగే కనిపిస్తుంది. లైన్లన్నీ ఒకేసారి ఎక్కువ చూపిస్తూ, ట్యాంకు బరువు మాత్రం ఎప్పటిలాగే తగ్గుతుంటే, నేను మీటర్ల జోలికి పోను. మిల్లు వాళ్లకు ఫోన్ చేసి, ఆరబెట్టే వేడి ఎంతుందో అడుగుతాను.