నాన్న డబుల్ క్లిక్

నాన్నకి ఫోల్డర్ తెరుచుకోవట్లేదు.
ఒక క్లిక్... కాస్త ఆగి ఇంకో క్లిక్. అది తెరుచుకోకపోగా పేరు మార్చమని అడుగుతోంది!

"వయసైపోయిందిరా, మాకెందుకు ఇవన్నీ" అంటూ లేవబోయారు.

కూర్చోబెట్టి కంట్రోల్ ప్యానెల్‌లో మౌస్ తెరిచా. రెండు క్లిక్‌ల మధ్య విండోస్ మామూలుగా ఇచ్చే గడువు 500 మిల్లీసెకన్లు. అంటే అర సెకనే! దాన్ని 'స్లో' వైపు జరిపా. పక్కనే పరీక్షించుకోడానికి బుల్లి ఫోల్డర్ బొమ్మ ఉంటుంది.
నాన్న తన తీరులోనే టక్... టక్. తెరుచుకుంది.
మళ్ళీ టక్... టక్. మూసుకుంది.
ఇక ఆయన్ని ఆపడం నా వల్ల కాలేదు 😄

ఆ అర సెకను ఎవరి వేళ్ళని చూసి పెట్టారో గానీ, మన పెద్దవాళ్ళు మాత్రం లోపం తమదే అనుకుని మెల్లగా పక్కకి తప్పుకుంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఎడమచేతి వాటం వాళ్ళు బటన్లు అటూ ఇటూ మార్చుకోవచ్చు. బాణం ఎక్కడుందో కనపడకపోతే, కంట్రోల్ కీ నొక్కగానే దాని చుట్టూ వలయాలు వచ్చేలా పెట్టుకోవచ్చు (అమ్మకి ఇదే పెట్టా). అన్నీ ఆ మౌస్ సెట్టింగుల్లోనే ఉన్నాయి. చెప్పేవాళ్ళేరీ?

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి మార్చిపెట్టారా? ఏం మార్చారు?