కథలు అల్లొచ్చు... బొంకకూడదు!

'కొండపల్లి రాజా' (1993) చూశారా? వెంకటేష్, సుమన్ ప్రాణస్నేహితులు. తర్వాత బద్ధశత్రువులు! ఆ చిత్రానికి మూలం తమిళ 'అణ్ణామలై' (1992). దానికి మూలం హిందీ 'ఖుద్‌గర్జ్' (1987). ఇంకా వెనక్కి వెళితే ఓ ఇంగ్లీషు నవల ఛాయలు కనిపిస్తాయి. 1979లో వచ్చిన 'కేన్ అండ్ ఏబెల్'. రచయిత జెఫ్రీ ఆర్చర్.

డిగ్రీ రోజుల్లో ఆ నవల నాకు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. తెల్లవార్లూ చదివేశాను. తీరా తెలిసిందేమిటంటే, నవలకన్నా నవలాకారుడి కథే అసలైన సినిమా!

1969లో, 29 ఏళ్ళకే ఆర్చర్ బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఓ కెనడా కంపెనీలో పెట్టిన డబ్బు మునిగింది. 1974లో దివాలా అంచుకొచ్చి, సీటు వదులుకున్నాడు. అప్పుడేం చేశాడు? కలం పట్టాడు. మోసపోయిన నలుగురు తమ సొమ్ము తిరిగి రాబట్టుకునే కథతో 1976లో తొలి నవల తెచ్చాడు. నవలలతోనే అప్పులు తీర్చాడు.

ఇంటర్వెల్ దాకా హీరోయే! ఆ తర్వాత కథ అడ్డం తిరిగింది. 1986లో ఓ వేశ్యకి డబ్బు ముట్టజెప్పించాడన్న వార్తతో పార్టీ పదవి పోయింది. ఆమెతో గడిపాడని రాసిన పత్రికమీద 1987లో పరువునష్టం దావా గెలిచి, 5 లక్షల పౌన్లు పుచ్చుకున్నాడు. ఆ కేసు కోసం ఓ మిత్రుణ్ణి, "ఫలానా రాత్రి మనిద్దరం కలిసి భోంచేశామని చెప్పు" అని అడిగాడు. మిత్రుడు సరేనన్నాడు. 1999లో ఆర్చర్ లండన్ మేయర్ పదవికి పోటీ పడుతుండగా ఆ మిత్రుడే నోరు విప్పాడు. 2001 జూలై 19న కోర్టు నాలుగేళ్ళ శిక్ష వేసింది. రెండేళ్ళు జైల్లో వున్నాడు. పుచ్చుకున్న 5 లక్షలూ ఖర్చులతో సహా తిరిగి కట్టాడు.

ఇదంతా నాకెందుకంటారా? నేనూ ఒకసారి బొంకాను.

కొన్నేళ్ళ క్రితం గోదావరి ఒడ్డున షూటింగ్ కవరేజీకి వెళ్ళమన్నారు. దారిఖర్చులు తీసుకున్నాను. బద్ధకించి వెళ్ళలేదు. ముందురోజే ఫోన్లో నాలుగు ముక్కలు కనుక్కుని, వెన్నెల్లో పాట తీశారని కళ్ళారా చూసినట్టు రాసేశాను. తీరా చూస్తే ఆ రాత్రి వానొచ్చి ప్యాకప్ చెప్పేశారట! ఎడిటర్‌గారు నిలదీశారు. ఆ యూనిట్లో స్టిల్స్ తీసే కుర్రాడు నా మిత్రుడు. వాడికి ఫోన్ చేశాను.

"నేనక్కడే వున్నానని ఒక్క మాట చెప్పరా!"

వాడు కాసేపు మాట్లాడలేదు. "చెప్తాన్రా. కానీ రేపట్నుంచి నేనెక్కడ చెప్పేస్తానోనని నీకు భయం. నిన్ను చూస్తే నాకు సిగ్గు. పర్లేదా?" అన్నాడు.

ఆర్చర్ మిత్రుడు పన్నెండేళ్ళ తర్వాత బయటపెట్టాడు. నా మిత్రుడు ఆ నిమిషంలోనే హెచ్చరించాడు. నా అదృష్టం! మర్నాడు ఎడిటర్‌గారి ముందు ఒప్పుకున్నాను. దారిఖర్చులు తిరిగిచ్చాను. మూడునెలలపాటు ఒక్క పనీ ఇవ్వలేదు.

ఆర్చర్ జైల్లోనూ కలం వదల్లేదు. ఆ డైరీలు మూడు సంపుటాలయ్యాయి. పడ్డాక ఎలా లేవాలో ఆయన్ని చూసి నేర్చుకోండి. స్నేహితుడిచేత మాత్రం బొంకించకండి. అదీ ఆయన్ని చూసే నేర్చుకోండి!

అన్నట్టు, మావాడు ఇప్పటికీ లొకేషన్ నుంచి ఫోన్ చేసి, "వస్తున్నావా, రాసేస్తున్నావా?" అంటాడు.

"వస్తున్నాన్రా బాబూ!" అని బస్సెక్కుతున్నాను.