గోగు కోతకి ముందు కాడని ఒకసారి విరిచి చూడండి

గోగు పూతకొస్తోంది, ఎప్పుడు కొయ్యాలని రోజూ ఫోన్లు. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఇక్కడ రాస్తే నయం. ఇంటర్లో బైపీసీ చదివినప్పటి మాటలు కొన్ని వస్తాయి, ఓపిక పట్టండి.

లేత కొమ్మ ఒకటి విరవండి. మనం పప్పులో వేసుకునే ఆకు, కాడ మధ్యలోని మెత్తటి బెండు, ఇదంతా మృదు కణజాలం. పల్చటి గోడలు, లోపల ప్రాణం ఉంటుంది. నీళ్ళు, పిండి దాచుకునేది ఇదే, ఎండకి ముందు వాడేదీ ఇదే. ఆకు తొడిమ పైతొక్క కింద ఉండేది స్థూలకోణ కణజాలం. గోడ ఎక్కువగా మూలల్లోనే మందం. ఇదీ బతికున్నదే, కాబట్టి మొక్కతోపాటు సాగుతుంది. గాలికి తొడిమ వంగి మళ్ళీ లేచేది దీనివల్లే. (వరికి సాధారణంగా ఇది ఉండదు, ఆ సంగతి ఇంకోసారి.)

మనకి డబ్బులిచ్చేది మూడోది, దృఢ కణజాలం. బెరడులో పొడుగాటి కణాలు, గోడలకి లిగ్నిన్ పట్టి గట్టిపడతాయి, ముదిరేసరికి చాలావరకు చచ్చిపోతాయి. గోగునారంటే ఆ కణాల కట్టలే.

ఊరబెడితే నీళ్ళలోని సూక్ష్మజీవులు కట్టల్ని పట్టి ఉంచే జిగురుని, మెత్తటి కణజాలాన్ని తినేస్తాయి. గట్టి నార అంత తొందరగా లొంగదు, అందుకే మిగులుతుంది. అలాగని వదిలేస్తే అదీ బలం పోతుంది. పోయినేడు మా దగ్గర కొన్న వ్యాపారి మంచి నారకీ, చివికిన నారకీ ఒకటే రేటు కట్టాడు. కలిపి కట్టలు కడితే వాడికి అదే సాకు. విడివిడిగా కట్టండి.

సగం మొక్కలు పూతకొచ్చాక కొయ్యండి. ముందు కోస్తే నార తక్కువ, కాయ ముదిరాక కోస్తే మొరటు, ఊరడానికీ రోజులెక్కువ. చెరువుల్లో నీళ్ళు తగ్గిపోతుంటే ఆ రోజులు మనకెక్కడివి?

మొదలు వైపు బెరడు మందం. అందుకని కట్టల్ని రెండు మూడు రోజులు మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి, తర్వాత పడుకోబెట్టండి. బరువుకి బురద, అరటి బోదెలు వెయ్యొద్దు, నార నల్లబడుతుంది. పదో రోజు నుంచి రోజూ ఒక కాడ తీసి మొదలు దగ్గర లాగి చూడండి. నార పుల్లని వదిలి జారి వచ్చిందంటే ఆ పూటే కట్టలు తీసెయ్యండి, కూలీలు రేపొస్తారని ఆగొద్దు.

మీ చెరువులో నీళ్ళెంతున్నాయో కింద రాయండి.