గుండెలమీది కుంపటి

మన పల్లెలలో ఆడపిల్ల పుట్టినదనగానే “గుండెలమీద కుంపటి” అను మాట వినబడును. మందిరములో మొదటి వరుసను కూర్చుండు పెద్దల నోటనే నేను వినియున్నాను. ఒకే యింట ఐదుగురైతే ఇక చెప్పనేల! ఇరుగుపొరుగువారే ఆ తండ్రిని చూచి నిట్టూర్చుదురు.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటలో కరణం వారింట అట్లే ఐదుగురు ఆడపిల్లలు. వారిలో మల్లేశ్వరి 12 ఏండ్ల ప్రాయమున నీలంశెట్టి అప్పన్న గారి యొద్ద బరువులెత్తుట నేర్వనారంభించెను. తల్లి ఆమె పక్షమున నిలిచెను. అక్కచెల్లెండ్రును అదే విద్య నేర్చిరి. 1994లోను 1995లోను మల్లేశ్వరి 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయ్యెను.

ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు ఈ పోటీ మొదట పెట్టినది 2000 సంవత్సరమున, సిడ్నీ నగరములో. అప్పటికి ఆమెకు పెండ్లియై మూడేండ్లు. ఇక ఆమె పని అయిపోయినదని అన్నవారు లేకపోలేదు. సెప్టెంబరు 19వ తేదీన 69 కిలోల తరగతిలో ఆమె ఒక్క ఊపున తలపైకెత్తు పద్ధతిని 110 కిలోలు, ముందు భుజములమీదికి తెచ్చి పిమ్మట పైకి లేపు పద్ధతిని 130 కిలోలు ఎత్తి, కంచు పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత స్త్రీ ఈమెయే.

130 కిలోలు ఎంతో కళ్లములో పనిచేయు మీకు తెలియును. 75 కిలోల ధాన్యపు బస్తా, దానిపై మరి ముప్పాతిక బస్తా! మనవారు వీపున వేసికొనుటకే ఇద్దరు సాయము పట్టవలెను. అక్కడ వేరొకరు ముట్టినచో ఆ యెత్తు లెక్కకు రాదు. చేతులు చాచి, దింపుమను గుర్తు వచ్చువరకు కదలక నిలువవలెను.

చివరి యత్నమున ఆమె 137.5 కిలోలు అడిగి ఎత్తలేకపోయెను. ఎత్తినచో మొత్తము 247.5 అయి బంగారము వచ్చెడిది. గెలిచిన చైనా స్త్రీ ఎత్తినది 242.5. అందుకు విచారించువారున్నారు. నాకైతే, అప్పటికి ఎత్తినదానికంటె ఏడున్నర కిలోలు ఎక్కువ అడిగిన ఆ ధైర్యమే ముచ్చటగానున్నది.

గలతీయుల పత్రిక 6వ అధ్యాయములో పౌలు ఒకచోట ఒకరి భారము నొకరు మోయవలెననియు, మూడు వచనములు దాటిన పిమ్మట ఎవరి బరువు వారే మోయవలెననియు వ్రాసెను. ఇదేమి విరుద్ధమని కొందరడుగుదురు. గ్రీకులో అవి రెండు వేరు మాటలు. మొదటిది మనుష్యుని క్రుంగదీయు భారము. రెండవది ప్రయాణికుడు తనకై కట్టుకొను మూట. వేదికమీది ఇనుము మల్లేశ్వరి స్వంత మూట. “ఆడపిల్లకు ఇదేల?” అను లోకుల మాట మాత్రము ఒంటరిగా మోయదగినది కాదు, దానికి తల్లి భుజము, గురువు భుజము కావలెను. మన సంఘములలో పదవ తరగతితో చదువు మానిపింపబడిన పిల్లలకు ఆ భుజము ఎవరిది?

సంఖ్యాకాండము 27వ అధ్యాయములోను ఐదుగురు కుమార్తెలు కలరు. తండ్రి సెలోపెహాదు చనిపోగా, మోషే యెదుటను ప్రధానుల యెదుటను నిలిచి స్వాస్థ్యములో పాలడిగిరి. మోషే తానై తీర్పు చెప్పక ప్రభువు సన్నిధికి ఆ సంగతి తెచ్చెను. వారి మాట న్యాయమని ఉత్తరము వచ్చెను. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ అధ్యాయము మీ యింటి ఆడపిల్లచేతనే చదివించుడి. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను పేర్లయొద్ద కొంచెము తడబడును. తొందరపెట్టక విననిండు.