శత్రువుల్లో స్నేహితులున్న దొర

రండి, ఈ పూట మీకో దొరగారి సంగతి చెప్పాలి. పేరు ఆబ్రే హెర్బర్ట్. టుటన్‌ఖామెన్ సమాధి తవ్వకాలకు డబ్బు పెట్టిన కార్నార్వన్ ప్రభువు ఉన్నాడే, ఆయనకి సవతి తమ్ముడు. 1880లో హైక్లేర్ కోటలో పుట్టాడు. కలిమికి లోటు లేదు, లోటల్లా చూపుకే. చిన్నప్పటినుంచీ కళ్ళు సరిగ్గా ఆనేవి కావు. అయినా ఆక్స్‌ఫర్డ్‌లో చదివే రోజుల్లో భవనాల కప్పులెక్కి తిరిగేవాడట! చరిత్రలో ప్రథమ శ్రేణి తెచ్చుకున్నాడు.

తర్వాత టోక్యోలో, కాన్‌స్టాంటినోపుల్‌లో రాయబార కార్యాలయాల్లో పనిచేశాడు. టర్కీ వాళ్ళతో, అల్బేనియా వాళ్ళతో కలిసి తిరిగాడు, వాళ్ళ భాషలు నేర్చాడు. 1911లో కన్సర్వేటివ్ పార్టీ తరఫున పార్లమెంటుకి ఎన్నికై, చనిపోయేదాకా సభ్యుడిగానే ఉన్నాడు.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కళ్ళు కనపడని మనిషిని సైన్యంలోకి ఎవరు తీసుకుంటారు? ఈయన ఐరిష్ గార్డ్స్ యూనిఫారం కుట్టించుకుని, ఆ దళం బయల్దేరే వేళకు వరసలో కలిసిపోయాడు! ఫ్రాన్స్‌లో గాయపడి జర్మన్లకు చిక్కాడు. వాళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డాడు.

మరుసటి ఏడు టర్కీలోని గాలిపోలికి వెళ్ళాడు. నేను చెప్పాలనుకున్న అసలు కబురు అక్కడిదే. 1915 మే 19న టర్కీ సైన్యం, బ్రిటన్ పక్షాన పోరాడుతున్న ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దళాల మీద విరుచుకుపడింది. ఒక్క రోజులో దాదాపు 3,000 మంది టర్కీ సైనికులు చనిపోయారు. రెండు పక్షాల కందకాల మధ్య శవాలు ఎండలో పడి ఉన్నాయి. దగ్గరికి వెళ్తే తుపాకీ గుండు తప్పదు. ఆ దుర్గంధంలోనే ఇరువైపుల వాళ్ళూ తిండి తినాలి, నిద్రపోవాలి.

చనిపోయినవాళ్ళని పూడ్చిపెట్టుకోవడానికి కాసేపు కాల్పులు ఆపుదామని హెర్బర్ట్ పట్టుబట్టాడు. సంప్రదింపులకు ఒక టర్కీ అధికారిని కళ్ళకు గంతలు కట్టి ఇటు తీసుకొచ్చారు. ఆయన క్షేమానికి పూచీగా హెర్బర్ట్ శత్రువుల పక్కకు వెళ్ళి కూర్చున్నాడు. మే 24 ఉదయం ఏడున్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా కాల్పులు ఆగాయి. నిన్నటిదాకా చంపుకున్నవాళ్ళు పక్కపక్కనే గోతులు తవ్వారు, సిగరెట్లు ఇచ్చిపుచ్చుకున్నారు. గడువు దగ్గరపడేసరికి తమ అధికారులు కనపడక, టర్కీ సైనికులు ఏం చెయ్యాలని హెర్బర్ట్‌నే అడిగారు. వాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పి వెనక్కి పంపించాడు. రేపు మీరు నన్ను కాల్చేస్తారేమో అంటే, దేవుడా, అలా జరగకూడదు అని వాళ్ళు తల్లడిల్లారట. ఇది ఆయనే రాసి పెట్టాడు.

1916 ఏప్రిల్‌లో మెసొపొటేమియాలోని కూత్‌లో సుమారు 13,000 మంది బ్రిటిష్ సైన్యం టర్కీ వాళ్ళ ముట్టడిలో చిక్కుకుని ఆకలితో మాడింది. వాళ్ళలో ఎక్కువమంది మన భారతీయులే. వాళ్ళని విడిపించే బేరానికి టి. ఇ. లారెన్స్‌తో పాటు వెళ్ళినవాడు కూడా హెర్బర్టే. ఇరవై లక్షల పౌండ్ల దాకా ఇవ్వజూపినా టర్కీ సేనాని ఖలీల్ పాషా ఒప్పుకోలేదు. జబ్బుపడ్డవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కొందరు మాత్రం విడుదలయ్యారు. మిగిలినవాళ్ళలో వేలమంది చెరలోనే ప్రాణాలు వదిలారు.

అల్బేనియా స్వాతంత్ర్యానికి ఎంతగా పాటుపడ్డాడంటే, అక్కడివాళ్ళు రెండుసార్లు సింహాసనం ఎక్కమని అడిగారు. ఆయన ఎక్కలేదు. చివరికి, పళ్ళు పీకించుకుంటే చూపు వస్తుందని ఎవరో చెబితే నమ్మి పీకించుకున్నాడు. రక్తం విషమయమై 1923 సెప్టెంబరులో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్ళు.

దేశాలు గెలిచిన దొరల పేర్లు మనం బళ్ళో వల్లె వేశాం. తొమ్మిది గంటలపాటు తుపాకుల నోరు మూయించిన ఈయన పేరు కూడా వాటి సరసన చేర్చుకోండి. పిల్లలు యుద్ధాల గురించి అడిగినప్పుడు ఈ కథ కూడా చెప్పండి.